పారగాన్ సిటీలో తొలి అడుగులు: విలన్ల కథ తెలుసుకుంటూ ఆడే పద్ధతి

చిట్యాలలో ఏ వాడకట్టుకు పోయినా ఫోన్‌లో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడే పిల్లలు కనిపిస్తారు. అరగంటలో మ్యాచ్ అయిపోతుంది. గెలిచినా ఓడినా మళ్లీ మొదటికే. కథ ఉన్న ఆట, పదిమందితో కలిసి నెలల తరబడి ఆడుకునే ఆట కావాలనేవాళ్లకు నేను చెప్పే పేరు సిటీ ఆఫ్ హీరోస్. ఇందులో మీరొక సూపర్‌హీరోను తయారుచేసుకుని, పారగాన్ సిటీ అనే మహానగరంలో వేలమందితో పాటు తిరుగుతారు.

దీని చరిత్ర కొంచెం తెలిసి ఉండాలి. క్రిప్టిక్ స్టూడియోస్ తయారుచేయగా ఎన్‌సీసాఫ్ట్ 2004 ఏప్రిల్‌లో విడుదల చేసింది. 2012 ఆగస్టు 31న మూసేస్తున్నామని ప్రకటించి, నవంబర్ 30న సర్వర్లు ఆపేసింది. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్ నిషేధం వార్త విన్నవాళ్లకు ఆ బాధ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఈ ఆటను ఆడినవాళ్లే బతికించుకున్నారు. కొందరు రహస్యంగా నడుపుకుంటున్న సర్వర్ సంగతి 2019 ఏప్రిల్‌లో బయటపడింది. ఆ తర్వాత హోమ్‌కమింగ్ అనే స్వచ్ఛంద బృందం ఆటను అందరికీ తెరిచింది. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ వాళ్లకు లైసెన్స్ కూడా ఇచ్చింది. ఇప్పుడు దీనికి పైసా కట్టనక్కర్లేదు. సర్వర్ ఖర్చులు విరాళాలతో నడుస్తాయి.

కొత్తగా వచ్చినవాళ్లకు ఎక్కువమంది ఇచ్చే సలహా: "ఎట్లనన్నా 50వ లెవెల్‌కు పో, అసలు ఆట ఆడనే ఉంది." నేను దీన్ని ఒప్పుకోను. ఇక్కడ 50 తర్వాత ఎదురయ్యే శత్రువుల మొహాలు మీరు మొదటి నుంచీ చూస్తున్నవే. దారి పొడుగునా కథ వినకుండా వచ్చినవాళ్లకు ఆ మొహాలు గుర్తుపట్టే భాగ్యం ఉండదు. అందుకే కింద చెప్పే పద్ధతి నిదానమైనది.

1. ముందు సమకూర్చుకోవాల్సినవి

ఫోన్‌లో ఈ ఆట నడవదు, కంప్యూటర్ కావాలి. 2004 నాటి ఆట కాబట్టి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డ్ అవసరం లేదు, కాలేజీ చదువుకు కొన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. మౌస్ మాత్రం కొనుక్కోండి. హోమ్‌కమింగ్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, వాళ్ల లాంచర్ దించుకుంటే ఆట అదే దిగుతుంది. ఆ ఒక్కసారికి ఎవరింట్లోనైనా వైఫై దొరికితే మంచిది, తర్వాత ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకురావచ్చు. గురిచూసి కాల్చే ఆట కాదు గనుక పింగ్ కొంచెం ఎక్కువున్నా ఇబ్బంది పడరు. సర్వర్లలో రీయూనియన్ యూరప్‌లో ఉంది, ఎక్సెల్సియర్ ఉత్తర అమెరికాలో ఉంది. మనకు దగ్గర రీయూనియన్, ఎక్సెల్సియర్‌లో జనం బాగా ఉంటారు. రెండింటిలోనూ క్యారెక్టర్లు పెట్టుకోవచ్చు.

2. మీ హీరోను తయారుచేసుకోవడం

ముందు ఆర్కిటైప్, అంటే మీరు చేసే పని ఏమిటో ఎంచుకోవాలి. ట్యాంకర్ దెబ్బలు కాస్తాడు, బ్లాస్టర్ దూరం నుంచి కొడతాడు, కంట్రోలర్ శత్రువులను కదలనివ్వడు, డిఫెండర్ తోటివాళ్లను కాపాడతాడు, స్క్రాపర్ దగ్గరికి పోయి కొట్లాడతాడు. తొలిసారి ఒంటరిగా ఆడేవాళ్లకు స్క్రాపర్, లేదంటే విలన్ల వైపు నుంచి వచ్చిన బ్రూట్ అనుకూలం. కంట్రోలర్ గొప్ప పాత్రే, కానీ మొదటి 20 లెవెల్స్ ఒంటరిగా ఆడాలంటే చాలా ఓపిక పట్టాలి.

వేషానికి ఎంత సమయం పట్టినా పట్టనివ్వండి. ఇంత విస్తారమైన వేషాల గది ఉన్న ఆటలు అరుదు. సినిమాల్లోని, కామిక్స్‌లోని హీరోలను మాత్రం దించకండి. ఈ విషయం మీదే 2004లో మార్వెల్ కంపెనీ కోర్టుకెక్కింది, తర్వాతి ఏడాది రాజీ కుదిరింది. అలాంటి పేర్లను నిర్వాహకులు ఇప్పటికీ మార్చేస్తారు. మన దగ్గర పేర్లకు కొదవా? నీళ్లతో కొట్టే వాటర్ బ్లాస్ట్ తీసుకున్న బ్లాస్టర్‌కు మూసీ అని, రాతి కవచం తొడిగే స్టోన్ ఆర్మర్ ట్యాంకర్‌కు దేవరకొండ అని పెట్టుకుని చూడండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి. అక్కడే ఒక పెట్టెలో మీ హీరో కథ రాసుకోవచ్చు. రెండు ముక్కలైనా రాయండి, జట్టులోవాళ్లు చదువుతారు.

3. మొదటి పది లెవెల్స్

అట్లాస్ పార్క్‌లో దిగుతారు. నగర కార్యాలయం ముందు భూగోళాన్ని మోస్తున్న పెద్ద విగ్రహమే గుర్తు. ట్రైనర్, అంగళ్లు, కొత్తవాళ్లకు ఉచిత పవర్లు ఇచ్చే స్టార్ట్ వెండర్ ఈ ప్రాంతంలోనే ఉంటారు. 4వ లెవెల్‌కే ఎగరడమో, వేగంగా పరుగెత్తడమో తీసుకోండి, నగరం చాలా పెద్దది.

కొట్లాటకు దిగేముందు శత్రువు పేరు ఏ రంగులో ఉందో చూడండి. తెలుపు అంటే మీ లెవెల్‌వాడే. పసుపు, నారింజ, ఎరుపు, ఊదా అనే వరుసలో ప్రమాదం పెరుగుతుంది. మొదట్లో తెలుపు, పసుపు దాటి పోవద్దు. ఇన్‌స్పిరేషన్స్ అనే చిన్న గుళికలు దొరుకుతుంటాయి: ఆకుపచ్చది ప్రాణానికి, నీలం అలసటకు, ఎరుపు దెబ్బ బలానికి, ఊదా తప్పించుకోవడానికి. వాటిని దాచుకోకుండా వాడేయండి. ఒకే రకానివి మూడుంటే కలిపి మీకు కావాల్సిన రకం ఒకటి చేసుకోవచ్చు. పవర్లకు తగిలించే ఎన్‌హాన్స్‌మెంట్లలో ముందు గురి తప్పకుండా చేసే ఆక్యురసీ, తర్వాతే డ్యామేజ్ పెట్టండి.

4. కథ వెంట నడవడం

మీకు పనులు చెప్పేవాళ్లను కాంటాక్ట్స్ అంటారు. వాళ్లిచ్చే మిషన్ల పక్కన పుస్తకం గుర్తు కనిపిస్తే అది స్టోరీ ఆర్క్, అంటే వరుసగా సాగే కథ. చిరుతల రామాయణం రాత్రికి కొంచెం చొప్పున ఆడినట్టే ఇదీ మిషన్‌కు కొంచెం చొప్పున తెలుస్తుంది. నడుమ ఒక రాత్రి పోకపోతే ఎట్లా తెగిపోతుందో, నడుమ మిషన్ చదవకుండా దాటేస్తే అట్లా తెగిపోతుంది. మిషన్‌లో దొరికిన ఆధారాలు క్లూస్ అనే చోట చేరతాయి. ఆర్క్ పూర్తయితే ఒక జ్ఞాపిక ఇస్తారు, మొత్తం కథ అందులో క్లుప్తంగా రాసి ఉంటుంది.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. జట్లతో ఆడితే లెవెల్ తొందరగా పెరిగిపోయి, కాంటాక్ట్ దగ్గర సగం కథ మిగిలిపోతుంది. మెనూలోని ఆప్షన్స్‌లో ఎక్స్‌పీరియన్స్ రాకుండా ఆపే సెట్టింగ్ ఉంది. కథ నచ్చినప్పుడు దాన్ని వాడండి. అప్పటికీ తప్పిపోయినవాటిని తర్వాత ఊరోబరోస్ అనే చోటికి పోయి, కాలంలో వెనక్కి వెళ్లినట్టుగా ఆడుకోవచ్చు.

తొలి ముఠాలను చిల్లర దొంగలని తీసిపారేయకండి. డాక్టర్ వాజిలోక్ మనుషుల శరీర భాగాలు కోసి, శవాలు కుట్టి సైన్యం తయారుచేస్తాడు. క్లాక్‌వర్క్ రాజుకు మిగిలింది గాజు పాత్రలోని మెదడు ఒక్కటే. పనికిరాని ఇనుప ముక్కలను మనసు శక్తితో బొమ్మలుగా నడిపిస్తుంటాడు. సర్కిల్ ఆఫ్ థార్న్స్ మాంత్రికులు ఓరన్‌బేగా అనే భూగర్భ నగరపు ప్రేతాత్మలు, ఎత్తుకుపోయిన మనుషుల ఒళ్లలో దూరతారు. ఈ ముగ్గురి గురించి చదివి ఉంటే, స్టీల్ కెన్యన్‌లో పాజిట్రాన్ అనే హీరో ఇచ్చే టాస్క్ ఫోర్స్ అనే జట్టు ఆటలో వాళ్లు ఎదురైనప్పుడు ఎవరు ఎవరో మీకు తెలుస్తుంది.

ఒకే ఒక్క కథ ఆడే తీరిక ఉందంటే ఫాల్ట్‌లైన్ ప్రాంతానికి పొమ్మంటాను. భూకంపంతో నగరంలో ఒక భాగాన్ని నేలమట్టం చేశాడని పేరుపడ్డ విలన్ కొడుకు జిమ్ టెంబ్లర్ ఇక్కడ హీరో. ఊరంతా తిట్టుకునే తండ్రి నిజంగా ఏం చేశాడో వెతుకుతుంటాడు. ఆ సంగతి చెప్పి మీ అనుభవం పాడుచేయను. అక్కడే పెనెలొపి యిన్ అనే చిన్నపిల్ల కలుస్తుంది. ఆమె పేరు గుర్తుపెట్టుకోండి.

టాస్క్ ఫోర్స్ అంటే ఎనిమిదిమంది వరకు జట్టుకట్టి ఒక పొడవాటి కథను కడదాకా ఆడటం. గంటో రెండు గంటలో పడుతుంది. మధ్యలో కరెంటు పోయినా కంగారొద్దు, తిరిగి లాగిన్ అయితే అదే జట్టులో ఉంటారు. పాజిట్రాన్ తర్వాత స్కైవే సిటీలో సినాప్స్, ఇండిపెండెన్స్ పోర్ట్‌లో యిన్, టేలోస్ ఐలాండ్‌లో సిటడెల్, బ్రిక్స్‌టౌన్‌లో మాంటికోర్, ఫౌండర్స్ ఫాల్స్‌లో న్యూమినా వరుసగా టాస్క్ ఫోర్స్‌లు ఇస్తారు. ఆరూ పూర్తిచేస్తే మీ ప్రాణశక్తి శాశ్వతంగా కొంత పెరుగుతుంది. ఇండిపెండెన్స్ పోర్ట్‌లో ఉన్న యిన్ ఫాల్ట్‌లైన్‌లో కలిసిన పిల్లే. ఒకప్పుడు ఆ స్థానం సిస్టర్ సైకీ అనే హీరోయిన్‌ది. ఆటలోని కథలో ఆమె చనిపోయింది, పిల్ల పెద్దదై ఆ బాధ్యత తీసుకుంది.

5. విలన్ల వైపు

2005లో వచ్చిన సిటీ ఆఫ్ విలన్స్ భాగమంతా ఇప్పుడు ఇందులోనే ఉంది. మెర్సీ ఐలాండ్‌లో మొదలై రోగ్ ఐల్స్ ద్వీపాల మీదుగా గ్రాండ్‌విల్ దాకా సాగుతుంది. ఈ ద్వీపాలను పాలించేవాడు లార్డ్ రిక్లూస్, అరాక్నోస్ అనే సంస్థకు నాయకుడు. అసలు పేరు స్టెఫాన్ రిక్టర్. స్టేట్స్‌మన్ అనే మహా హీరో అసలు పేరు మార్కస్ కోల్. వీళ్లిద్దరూ ఒకప్పటి స్నేహితులు, కలిసే పోయి ఒకే శక్తి దగ్గరికి చేరారు. ఒకరు ఊరికి కాపలా అయితే ఇంకొకరు ద్వీపాలకు నియంత అయ్యారు.

రెండో క్యారెక్టర్‌ను ఇక్కడ పెట్టండి. గ్రాండ్‌విల్‌లో వెస్టిన్ ఫిప్స్ అనే కాంటాక్ట్ దాకా వచ్చి చూడండి. మర్యాదగా, పేదలకు సేవచేసే పెద్దమనిషిలా కనిపిస్తాడు. మీకు అప్పజెప్పే పనులు మాత్రం ఆ పేదలకు మిగిలిన ఆశను తుంచేసేవి. ఆకాశం చీల్చే రాక్షసులెందరినో ఈ ఆటలో చూస్తారు, కానీ ఆడినవాళ్లు ఎక్కువగా అసహ్యించుకునేది బల్ల వెనక కూర్చున్న ఈ మనిషినే. విలన్‌ను రాయడమంటే ఇది.

6. యాభై తర్వాత

50వ లెవెల్ చేరగానే ఊరోబరోస్‌లో మెండర్ రామియెల్‌ను కలవండి. అతనిచ్చే కథతో ఇంకార్నేట్ శక్తుల్లో మొదటిదైన ఆల్ఫా తెరుచుకుంటుంది. తర్వాత జడ్జ్‌మెంట్, ఇంటర్‌ఫేస్, లోర్, డెస్టినీ, హైబ్రిడ్. పెద్ద జట్లకు సమయం కుదరనివాళ్లు డార్క్ ఆస్టోరియాకు పోవచ్చు. మాట్ అనే మృత్యుదేవతను నిద్రలేపాలని చూసేవాళ్లతో పోరాటం అది, ఒంటరిగా ఆడుకుంటూ ఈ శక్తులు సంపాదించుకోవచ్చు.

అసలు చివరి ఘట్టం ఇంకార్నేట్ ట్రయల్స్‌లో ఉంది. ప్రేటోరియా అనే మరో భూమి. హామిడాన్ అనే శాస్త్రవేత్త తనను తాను కొండంత ఏకకణ జీవిగా మార్చుకుని ఆ లోకాన్ని నాశనం చేశాడు. మిగిలినవాళ్లను ఒక నగరంలో కాపాడుతున్నానంటూ ఒకడు చక్రవర్తి అయ్యాడు. అతని పేరు మార్కస్ కోల్. మన స్టేట్స్‌మన్ మొహమే. ఇప్పుడు ఆరు టాస్క్ ఫోర్స్‌లు ఇచ్చినవాళ్లను గుర్తుచేసుకోండి. కీస్ ట్రయల్‌లో ఎదురయ్యే యాంటీ మ్యాటర్ ఆ లోకపు పాజిట్రాన్. సీజ్ అంటే సిటడెల్. న్యూరాన్ సినాప్స్, కిమెరా మాంటికోర్, డయాబోలిక్ న్యూమినా. మదర్ మేహెమ్ ఎవరనుకున్నారు? చనిపోయిన సిస్టర్ సైకీ. మీకు దారి చూపినవాళ్లలో దాదాపు అందరూ ఇక్కడ శత్రువులై నిలబడతారు. నేరుగా 50కి దూకినవాళ్లకు వీళ్లంతా ప్రాణశక్తి ఎక్కువున్న బాసులు మాత్రమే.

ఈ ట్రయల్స్‌లో మొదట బీఏఎఫ్ ఆడండి, 12 నుంచి 24 మంది కావాలి. ఖైదీలు పారిపోకుండా ఆపాక సీజ్‌ను, నైట్‌స్టార్‌ను దాదాపు ఒకే క్షణంలో పడగొట్టాలి. ఒకరి ప్రాణం తగ్గుతుంటే చేయి ఆపి నాయకుడి మాట కోసం చూడటమే కొత్తవాళ్లు నేర్చుకోవాల్సింది. తర్వాత లాంబ్డా. గడువులోపల యాసిడ్, గ్యాస్ గ్రెనేడ్లు పోగుచేసుకుని మరాడర్‌తో తలపడాలి. గ్రెనేడ్లు ఎప్పుడు వేయాలో నాయకుడు చెబుతాడు, అంతవరకు వేయొద్దు. చక్రవర్తి ఉండే మెజిస్టీరియంకు శక్తులన్నీ సమకూరాకే పొండి. మన లోకంలోని హామిడాన్ మీద దాడి హైవ్ అనే ప్రాంతంలో జరుగుతుంది. డజన్ల మంది చేరతారు, మీ ఆర్కిటైప్ చెబితే మీ పనేదో వాళ్లే అప్పగిస్తారు.

వేళలు మాత్రం సరిచూసుకోవాలి. మధ్య యూరప్ సాయంత్రం ఎనిమిదంటే మనకు వేసవిలో అర్ధరాత్రికి కొంచెం ముందు, చలికాలంలో పన్నెండున్నర. మరునాడు కాలేజీ ఉన్నవాళ్లకు అది కుదరదు. అమెరికా తూర్పు తీరంలో శనివారం రాత్రి ఎనిమిదైతే మనకు ఆదివారం పొద్దున వేసవిలో ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. అప్పుడు ఎక్సెల్సియర్‌లో లాగిన్ అయి, లుకింగ్ ఫర్ గ్రూప్ చానెల్ తెరిచి, ట్రయల్‌కు పిలుపు రాగానే మీ ఆర్కిటైప్ రాసి, ఇది మొదటిసారి అని కూడా రాయండి.