చీలమండ గాయము – మనము తెలిసికొనవలసిన సంగతులు



పరుగెత్తునప్పుడును, బ్యాడ్మింటన్, సెపక్ తక్రా ఆడునప్పుడును మన శరీర భారమంతయు చీలమండపై పడును. పిక్కకును పాదమునకును నడుమ నున్న కీలునే చీలమండ అందుము. అంతర్జంఘిక, బహిర్జంఘిక అను రెండు కాలి ఎముకలు పాదపు ఎముకతో ఇచ్చట కలియును. వాటిని పట్టియుంచు గట్టి నారలే సంధి బంధనములు. పాదము లోపలికి మడత పడినచో వెలుపలి బంధనములు సాగును, ఒక్కొక్కప్పుడు చిరుగును. దీనినే బెణుకు అందుము.

2012 మే నెలలో చైనాలోని వుహాన్ నగరమున థామస్ కప్ పోటీలు జరిగెను. డెన్మార్కు ఆటగాడు పీటర్ గేడ్‌తో ఆడుచుండగా మన లీ చోంగ్ వేకు చీలమండ మడతపడి బంధనములు గాయపడెను. ఆయన ఆటను మధ్యలోనే విరమించెను. చికిత్స పొంది, ఆ ఆగస్టులోనే లండన్ ఒలింపిక్స్‌లో రజత పతకము గెలిచెను.

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో తెలుగు క్రీడాకారిణి పి.వి. సింధుకు, మన గో జిన్ వేతో ఆడిన క్వార్టర్ ఫైనల్‌లో ఎడమ కాలి నొప్పి కలిగెను. ఆమె దానిని దాచలేదు. శిక్షకుల, ఫిజియోథెరపిస్టుల తోడ్పాటుతో ఆడి బంగారు పతకము సాధించెను. పిదప హైదరాబాదులో పరీక్ష చేయగా ఎముకలో సన్నని పగులు కన్పించెను. ఆమె ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీని వదలుకొని, సుమారు ఐదు నెలలు ఆటకు దూరముగా నుండి, 2023 జనవరిలో కౌలాలంపూరు నందు మలేషియా ఓపెన్‌లో మరల ఆడెను.

చూచితిరా! ఒకరికి బంధనము, వేరొకరికి ఎముక గాయపడెను. కాని పైకి రెండింటను నొప్పి ఉండును, వాపు ఉండవచ్చును. కావున చూపుతోనే తేల్చుకొనరాదు.

కాలు బెణికినచో చేయవలసినవి:

1. వెంటనే ఆట మాని కూర్చుండి, ఉపాధ్యాయునికి చెప్పవలెను.
2. మంచు ముక్కలను గుడ్డలో చుట్టి 15 నుండి 20 నిమిషములు ఉంచవలెను. మంచును నేరుగా చర్మముపై పెట్టరాదు. రెండు మూడు గంటల కొకసారి మరల పెట్టవచ్చును.
3. సాగు గుడ్డతో కట్టు కట్టవలెను. వ్రేళ్లు తిమ్మిరెక్కినను, చల్లబడినను కట్టు వదులు చేయవలెను.
4. పడుకొని, కాలిని దిండుపై ఎత్తుగా ఉంచవలెను.

మొదటి రెండు మూడు దినములు వేడి కాపడము, తైల మర్దన పనికిరావు, వాపు పెరుగును. ఎముక పగిలియుండగా కాలిని లాగుట మిక్కిలి ప్రమాదము. నాలుగు అడుగులు వేయలేకపోయినను, గుబ్బ ఎముకను నొక్కినప్పుడు తీవ్రమైన నొప్పి కలిగినను, కాలు వంకరగా కన్పించినను తప్పక క్లినిక్‌కు పోయి ఎక్స్‌రే తీయించవలెను.

నొప్పి తగ్గిన పిదప వైద్యుని సలహాపై గోడ ప్రక్కన ఒంటికాలిపై నిలుచు అభ్యాసము చేయవలెను. అది చీలమండకు బలము నిచ్చి, మరల బెణుకు కలుగకుండ కాపాడును.

మన తాతలు రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను పని చేసిరి. పనికి పోని దినమున కూలి రాదను భయముతో కాలు వాచినను గుడ్డ చుట్టుకొని నడచినవారు వారిలో కలరు. వారికి వేరు దారి లేదు. మీకు కలదు. క్రీడోత్సవములో జట్టు నుండి తీసివేయుదురని నొప్పిని దాచకుడు. ఒక పోటీ పోయినను వచ్చే యేడు మరియొకటి వచ్చును. మానని గాయముతో ఆడినచో చీలమండ మాటిమాటికి బెణుకును.

ప్రశ్నలు:

1. సంధి బంధనములు అనగా నేమి?
2. లీ చోంగ్ వే గాయమునకును సింధు గాయమునకును భేదమేమి?
3. మొదటి దినములలో మర్దన ఏల చేయరాదు?
4. మీ తాతయ్యను గాని, అమ్మమ్మను గాని అడిగి, వారి కాలమున బెణుకునకు ఏమి చేసెడివారో ఐదు వాక్యములలో వ్రాయుడు.