సైలెన్స్, నిశ్శబ్దం, మౌనం

‘సైలెన్స్’ అనే ఆంగ్లపదం నేడు తెలుగువారి నోట తెలుగుమాటవలెనే స్థిరపడినది. ఆసుపత్రి గోడమీద, గ్రంథాలయ ద్వారంమీద, దేవాలయ మంటపంలో ఆ మాట కనబడుతుంది. చేతిలోని ఫోనుకు ‘సైలెంట్’, మోటారు సైకిలుకు ‘సైలెన్సర్’. (ఆ సైలెన్సర్‌ను ఊడదీసి బజారులో తిరిగే యువకుల ప్రసక్తి ఇక్కడ వద్దు.) దీనికి తెలుగేమిటని అడిగితే కొందరు నిశ్శబ్దమంటారు, కొందరు మౌనమంటారు. రెండూ సరియే, కాని ఆ రెండూ ఒకటి కావు.

లాటిన్ భాషలో ‘ఊరకుండుట’ అనే అర్థమిచ్చే ‘సిలేరే’ అనే క్రియనుండి ఆ ఆంగ్లపదం పుట్టినది. చప్పుడు లేకపోవడానికి అదే మాట, మనిషి పలుకకపోవడానికి అదే మాట, తెలిసిన విషయాన్ని దాచిపెట్టడానికీ అదే మాట. క్రియగా వాడితే ఒకరి నోరు నొక్కివేయడమని కూడ అర్థం. ఇన్ని పనులు ఒక్క మాటకు అప్పగించినందున, ఏది ఆచరింపదగినదో ఏది విడువదగినదో ఆ మాట మనకు చెప్పదు.

మన భాషలో ఈ విభాగం స్పష్టంగా ఉన్నది. నిశ్శబ్దం చోటుకు సంబంధించినది. మౌనం మనిషికి సంబంధించినది. రాతికి నిశ్శబ్దం ఉంటుంది గాని మౌనం ఉండదు. మాఘ ఫాల్గుణ మాసాలలో మన ఆర్మూరు చుట్టుప్రక్కల పల్లెలలో పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టి, కొమ్ములను డ్రమ్ములలో వేసి పాలిష్ పట్టే దినాలలో చప్పుడుకు కొదువ లేదు. ఆ చప్పుడు నడుమ గట్టున కూర్చున్న వృద్ధుడు మౌనంగా ఉండవచ్చును. నవనాథ సిద్ధుల గుట్టమీద నల్లరాళ్ల సందున, గుహాలయంలో, ఊపిరి తప్ప మరేమీ వినబడని చోట నిలుచున్నవాని మనస్సు మార్కెట్ యార్డులోనే తిరుగుతూ ఉండవచ్చును. అక్కడ ఉన్నది నిశ్శబ్దం మాత్రమే.

‘ముని’ శబ్దంపై అణ్ ప్రత్యయం చేరగా మౌనమైనది. ‘శుచి’ నుండి శౌచం వచ్చినట్లే. మునియొక్క భావం, మునియొక్క కర్మ అని అర్థం. మరి ‘ముని’ ఎక్కడిది? ‘మన్’ అనే ధాతువునుండి, అనగా తలచుట, ఎరుగుట అనే అర్థంనుండి వచ్చినది. మౌనమనే మాట మూలంలో నోటి ప్రస్తావనయే లేదన్నమాట. ఆలోచించేవాడు ముని, వానికి మాట తగ్గడం ఆ ఆలోచనకు ఫలం. భగవద్గీత పదునేడవ అధ్యాయంలో శారీరక, వాఙ్మయ, మానస తపస్సులను వేరువేరుగా చెప్పినప్పుడు మౌనాన్ని వాక్కు తపస్సులో చేర్చలేదు, మనస్సు తపస్సులో చేర్చినారు. శంకరభగవత్పాదులు అక్కడ, వాక్కును అదుపు చేయాలంటే ముందు మనస్సు అదుపులో ఉండాలి గనుక మౌనమంటే మనోనిగ్రహమేనని వ్యాఖ్యానించినారు.

అమరకోశంలో ‘జోషం’ అనే అవ్యయం ఒకటి ఉన్నది. దానికి రెండర్థాలు: ఒకటి ఊరకుండుట, రెండవది సుఖం. ఊరకుండటానికీ సుఖానికీ ఒకే మాట చాలునన్న ఆ పూర్వుల బుద్ధికి నేను ఎప్పుడూ అబ్బురపడుతుంటాను. మన జిల్లాలో ఉర్దూ నుండి వచ్చి అందరి నోట నలిగే ‘జోష్’ వేరు, అది ఉత్సాహపు పొంగు. ధ్వని దాదాపు ఒకటే, అర్థాలు ఎదురెదురు.

మన తెలంగాణలో ‘సప్పుడు జేయకు’ అంటారు. మాట ప్రకారం అది చప్పుడును గూర్చినదే. కాని పెద్దలిద్దరు మాట్లాడుకుంటుండగా పిల్లవాడు మధ్యలో దూరితే వాడినీ అట్లే వారిస్తారు. ఆంగ్లంవలెనే మన పల్లెమాట కూడ ఇక్కడ రెండింటినీ కలిపివేసినది. మొదటి ప్రపంచయుద్ధ మృతులకోసం 1919 నవంబరు 11న బ్రిటిషు రాజు కోరికపై మొదలైన రెండు నిమిషాల ‘సైలెన్స్’ మన సభలకు వచ్చినప్పుడు మాత్రం తెలుగువారు దానిని నిశ్శబ్దమనలేదు, ‘మౌనం పాటించినారు’ అన్నారు. ఆ అనువాదం చేసినవారెవరో గాని పదం ఎరిగినవారు. అక్కడ కావలసినది చనిపోయినవారిని తలచుకోవడం గదా!

యజ్ఞశాలలో ఋత్విజులు నలుగురిలో హోత, అధ్వర్యుడు, ఉద్గాత వాక్కుతో పని చేస్తారు. నాలుగవవాడైన బ్రహ్మ పలుకడు. కూర్చుని అంతా మనస్సుతో గమనిస్తూ ఉంటాడు. పలుకగూడని సమయంలో బ్రహ్మ నోరు విప్పితే యజ్ఞం ఒంటికాలితో నడిచే మనిషివలె, ఒకే చక్రంపై సాగే రథంవలె చెడిపోతుందని ఛాందోగ్యోపనిషత్తు చెప్పినది. ఇతరుల పొరపాటును గుర్తించి సరిదిద్దే బాధ్యత ఆ మౌనంలో ఉన్న బ్రహ్మదే. పని లేక ఊరకున్నవాడు కాడు.

భక్తులు తరచుగా అడిగే సందేహమొకటి. సోమవారమో గురువారమో మౌనవ్రతం పట్టి, ఆ దినమంతా వాట్సాప్‌లో వ్రాస్తూ ఉంటే వ్రతభంగమా, కాదా? యోగసూత్రాలకు వ్యాసభాష్యం తపస్సును వివరించేచోట కాష్ఠమౌనం, ఆకారమౌనం అని రెండు చెప్పినది. సైగ కూడ చేయక కట్టెవలె ఉండటం మొదటిది. సైగ చేసినా నోరు విప్పకపోవడం రెండవది. మంచినీళ్లు కావాలని చేయి చూపడం ఆకారమౌనంలో ఇముడుతుంది. వ్రేళ్లతో పూటకు నూరు మాటలు వ్రాయడం ఏ మౌనంలోనూ ఇమడదని నా అభిప్రాయం. దానికంటె, గంటసేపు ఫోను ఇంట్లో విడిచి పెదవులు మాత్రమే కదిలే ఉపాంశు జపం చేసుకోవడం మేలు. వాచికంకంటె ఉపాంశువు, దానికంటె మానసజపం పదింతలు పదింతలుగా అధికమని మనుస్మృతి లెక్క.

శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో ఒక కథ ఉదాహరించినారు. బాష్కలి అనే శిష్యుడు బాధ్వుని దగ్గరకు పోయి, బ్రహ్మమును ఉపదేశింపుమని కోరినాడు. బాధ్వుడు పలుకలేదు. రెండవసారి, మూడవసారి కూడ అడిగినాడు. అప్పుడు గురువు, నేను చెబుతూనే ఉన్నాను, నీకే తెలియడంలేదు, ఈ ఆత్మ ఉపశాంతమైనది అన్నాడు. మఱ్ఱిచెట్టు క్రింది దక్షిణామూర్తి బోధ ఇటువంటిదే. ఈ మౌనం జవాబు. జవాబు లేకపోవడం కాదు.

జవాబు చెప్పవలసినవారు చెప్పకపోతే అది మౌనమని పిలిపించుకొనడానికి తగదు. కౌరవసభలో ద్రౌపది ప్రశ్న అడిగినప్పుడు భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. తక్కినవారు తలలు వంచుకున్నారు. వికర్ణుడనే చిన్నవాడు లేచి పలికినాడు. అక్కడ విదురుడు చెప్పిన లెక్క గమనింపదగినది. నింద్యమైన పనిని సభలో ఎవరూ నిందింపకపోతే ఆ పాపంలో సగం సభకు పెద్దయైనవానికి, పావు చేసినవానికి, మిగిలిన పావు ఊరకున్న సభ్యులకు చెందుతుందట. చేసినవానికంటె పెద్దకు రెండింతలు! 2019 లోక్‌సభ ఎన్నికలలో మన నిజామాబాద్ స్థానానికి 185 మంది అభ్యర్థులు నిలిచినారు, వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. రాజకీయం ఈ పత్రికకు పని కాదు, నాకూ కాదు. కాని అడగవలసినది అడగడంవల్ల మౌనానికి లోపం రాదని మాత్రం చెప్పగలను.

సంస్కృత లోకోక్తి మౌనం సమ్మతికి గుర్తు అన్నది. తెలుగువారు దానిని జాగ్రత్తగా సగానికి తగ్గించి ‘మౌనం అర్ధాంగీకారం’ అన్నారు. పెళ్లిచూపులలో తలవంచుకొని కూర్చున్న పిల్లను చూసి, ఒప్పుకున్నదని తాంబూలాలు మార్చుకొనే పెద్దలు ఈ సామెతనే చెబుతారు. అది సగమేనని ఆ సామెతయే చెబుతున్నది గదా! లగ్నం పెట్టుమని నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులతో నేను చెప్పేదొక్కటే: పిల్లను చాటుకు పిలిచి, ఎవరూ లేనప్పుడు మరల అడగండి, తక్కిన సగం ఆమె నోట వినివచ్చిన తరువాత పంచాంగం తీస్తాను.