ఆ కుట్లు విప్పకండి

రాయ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నం పిల్లల్ని బయటికి పంపలేం. ఎండ నలభై అయిదు డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఫోన్ ఏమో చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే ఆ వేళ సూదీ దారం ఇచ్చి చూడండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ.

మొదట కుట్టించవలసింది భోజనాల బల్ల మీద పరిచే గుడ్డ. చేతిరుమాలు కుడితే అది బీరువాలోకి పోతుంది. బల్ల మీది గుడ్డను ఇంటిల్లిపాదీ రోజూ చూస్తారు. పండ్రీ బట్టల మార్కెట్లో మీటరు తెల్ల కేస్‌మెంట్ తెస్తే కంచాల కింద వేసే ముక్కలు నాలుగు తేలిగ్గా వస్తాయి. కుట్టకముందే తడిపి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి. నూలు గుడ్డ తర్వాత కుంచించుకుపోతే కుట్టిన పువ్వు చుట్టూ ముడతలు పడతాయి.

ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, పిల్లలకి మూడు చాలు. ఒక్కో పోగూ విడిగా లాగి, మళ్లీ మూడూ కలిపి ఎక్కించండి, చిక్కుపడదు. దారం మూరకి మించకూడదు. అంచు చుట్టూ రన్నింగ్ స్టిచ్, కొమ్మకి కాడ కుట్టు, ఆ తర్వాతే గొలుసు కుట్టు. గొలుసు కుట్టులో సూది పైకి వచ్చిన చోటే మళ్లీ కిందికి దించి, కొంచెం ముందు మొన బయటికి తీస్తాం. అప్పుడు దారం సూది మొన కిందుగా ఉండాలి. పిల్లలు ఇక్కడే తడబడతారు, పైగా గట్టిగా లాగేస్తారు. మీరు సూది లాక్కోకండి. పక్కన ఇంకో గుడ్డ మీద మెల్లగా కుట్టి చూపించండి. పని ఆపగానే గుడ్డ బిగించిన రింగు తీసెయ్యమనండి, లేకపోతే గుడ్డ మీద దాని ముద్ర పడిపోతుంది.

చాలామంది అమ్మలు పిల్లలు పడుకున్నాక వంకర కుట్లు విప్పి తిన్నగా కుట్టేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ పొద్దున లేచిన బిడ్డకి తన చేతి పని పనికిరాదని అర్థమవుతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి.

చేతి పనిని తక్కువగా చూడడం మనకి కొత్త కాదు. నరసాపురం లేసు టేబుల్ క్లాతులు ఏళ్లుగా విదేశాలకి వెళ్తున్నాయి, 2024లో ఆ లేసుకి జిఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అయినా రోజూ గంటల తరబడి అల్లే ఆ స్త్రీలను గృహిణులుగానే చూశారని, వాళ్ల శ్రమని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టారని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాశారు. మీ పిల్లలు కుడుతుంటే ‘ఊరికే కూర్చున్నావు కదా, నీళ్లు తెచ్చిపెట్టు’ అనకండి. వాళ్లు పనిలో ఉన్నారు.

చుట్టాలొచ్చిన రోజు షాపులో కొన్న గుడ్డ బయటికి తియ్యకండి, పిల్లలు కుట్టిందే పరచండి. పప్పు ఒలుకుతుందని భయం వద్దు. పసుపు మరక సబ్బు తగిలితే మొదట ఎర్రబడుతుంది, కంగారుపడకండి. ఉతికి తడిగానే ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది. మన ఊళ్లో ఎండకి కరువు లేదు.