సెల్‌ఫోను టార్చి రంగు మార్చుట – రాత్రి వేళ సేద్యపు పనులలో ఉపయోగము, జాగ్రత్తలు

ఇటీవల గ్రామములలో జరుగు రైతు సమావేశములలో విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి అడుగు ప్రశ్నల నడుమ మరియొక ప్రశ్న కూడ వినబడుచున్నది. "సెల్‌ఫోనులోని టార్చి ఎప్పుడును తెల్లగానే వెలుగుచున్నది గదండీ, దానిని ఎర్రగానో పసుపుగానో మార్చుటకు వీలున్నదా?" అని. మొదటిసారి విన్నప్పుడు ఇది వినోదమునకు అడిగినదనుకొంటిని. కాని అడిగిన రైతు తేనెటీగలను పెంచువాడు. రాత్రివేళ పెట్టెలను బండికి ఎక్కించునప్పుడు తెల్లని వెలుగు పడగానే ఈగలు చేతి మీదికి, ముఖము మీదికి వచ్చుచున్నవని అతని బాధ. అతనికి అప్పటికప్పుడు చెప్పిన నాలుగు మాటలను ఇక్కడ కొంచెము వివరముగ వ్రాయుచున్నాను.

ముందుగా అసలు ప్రశ్నకు జవాబు. ఫోను టార్చి యొక్క రంగు ఫోనులోని ఏ మీట నొక్కినను మారదు. వెలుగును హెచ్చించుటకు, తగ్గించుటకు మాత్రము చాల ఫోనులలో వీలున్నది. రంగు మారవలెనన్న ఆ దీపము మీద రంగు కాగితము వేయుట ఒక్కటే మార్గము. ఇందుకగు ఖర్చు ఒకటి రెండు రూపాయలు మించదు.

ఏల మారదో తెలిసికొనుట మంచిది. ఫోను వెనుక కెమెరా ప్రక్కన ఉండు ఆ చిన్న దీపమును ఆర్పి, పగటి వెలుగులో తేరిపార చూడుడు. మధ్యలో పసుపుపచ్చని చుక్క కనబడును. ఆ చుక్క క్రింద మినపగింజ కంటె చిన్నదైన యొక బిళ్ల కలదు. కరెంటు పారినప్పుడు ఆ బిళ్ల నుండి వచ్చునది తెల్లని వెలుగు కాదు, నీలి వెలుగు. నీలి వెలుగులో కొంత భాగమును పైనున్న పసుపు పొడి పీల్చుకొని పసుపు వెలుగుగ మార్చును. నీలము, పసుపు కలిసి మన కంటికి తెలుపుగ తోచును. బట్టలకు నీలిమందు పెట్టినప్పుడు పసుపు చాయ పోయి తెల్లగ కనబడుట మన యిండ్లలో తెలిసిన సంగతియే. ఈ నీలి దీపమును సాధించినందుకు జపానులో పుట్టిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతిక శాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఒకే బిళ్ల, ఒకే పొడి గనుక రంగును ఎన్నుకొనుటకు ఫోనుకు అవకాశమే లేదు. కొన్ని ఫోనులలో తెల్లదీపము ప్రక్కన పసుపు చాయ గల రెండవ దీపము ఉండును. అది ఫోటోలో మనుష్యుల ఒంటి రంగు సహజముగ వచ్చుటకు పెట్టినది.

మరి "రంగుల టార్చి" అను పేరుతో దొరకు యాప్‌ల సంగతి ఏమి? అవి వెనుకనున్న దీపమును తాకనే తాకవు. ముందున్న తెర మొత్తమును ఎర్రగనో నీలముగనో వెలిగించును, అంతే. ఆ పనికి యాప్ అక్కరలేదు. ఎర్రని గుడ్డను దగ్గరగ ఫోటో తీసి, తెర నిండుగ ఉంచి వెలుగు హెచ్చించినను అదే ఫలితము. జేనెడు దూరములోని వస్తువును చూచుటకు ఆ వెలుగు చాలును. టార్చి యాప్‌కు మీ ఫోనులోని పేర్ల జాబితాతోను, మీరున్న చోటుతోను పనియేమి? అట్టి అనుమతి అడిగినచో ఇయ్యకుడు. ఇట్టి యొక టార్చి యాప్ వాడుకరులకు సరిగా తెలుపకయే వారు తిరుగు చోట్ల వివరములను ప్రకటనలవారికి అందించుచున్నదని 2013లో అమెరికా ప్రభుత్వ సంస్థ చర్య తీసికొన్నది.

ఇక రంగు కాగితము. వెనుకటి రైలు గార్డు చేతి లాంతరును పెద్దవారు చూచియే యుందురు. లోపలి వత్తి ఒకటే. ముందు ఎర్ర అద్దము త్రిప్పిన ఎరుపు, ఆకుపచ్చ అద్దము త్రిప్పిన ఆకుపచ్చ. అద్దము క్రొత్త వెలుగును పుట్టించదు, ఉన్న వెలుగులో తనకు కావలసిన రంగును పోనిచ్చి తక్కిన వాటిని ఆపివేయును. జల్లెడ చేయు పని వంటిదే ఇది. జల్లెడలో లేని గింజ క్రిందికి రాదు గదా. పిట్టలను బెదరించుటకు చేలలో వ్రేలాడగట్టు పాత సీడీ ఒకటి తెచ్చి, చీకటి గదిలో ఫోను వెలుగును దానిపై ఏటవాలుగ పడనిండు. నీలము, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారలు విడివిడిగ కనబడును. ఇప్పుడు టార్చికి ఎర్ర కాగితము అడ్డము పెట్టుడు. ఎరుపు చార మిగిలి నీలము, ఆకుపచ్చ మాయమగును. గ్రామోద్యోగులు ఈ ప్రయోగమును సమావేశములో చేసి చూపినచో అరగంట ఉపన్యాసము కంటె బాగుగ పనిచేయును.

కానుకలకు, పూలగుత్తులకు చుట్టు రంగు గాజుకాగితము పుస్తకముల దుకాణములో దొరకును. అంగుళము పొడవు, అర అంగుళము వెడల్పు ముక్క కత్తిరించి, ఎరుపునకు రెండు మూడు మడతలు, పసుపునకు ఒకటి రెండు మడతలు వేసి, దీపము మీద పారదర్శకపు అంటు టేపుతో అంటింపవలెను. కెమెరా అద్దము మీదికి టేపు పోరాదు. టేపు ఒక కొసను మడిచి యుంచిన మరల ఊడదీయుట సులభము. ఆగిన వెలుగు వేడిగ మారును గనుక పది నిమిషములకొకసారి టార్చి ఆర్పి, చేతితో తాకి చూడవలెను. ఫోనుకు వెనుక తొడుగు ఉన్నచో కాగితమును తొడుగునకే అంటించుట మేలు. తొడుగు తీసిన వెంటనే తెల్లని వెలుగు చేతికి వచ్చును. దీని అవసరము ముందు చెప్పెదను.

ఏ పనికి ఏ రంగు అను విషయమునకు వత్తము. పురుగులలో హెచ్చు భాగమునకు నీలి వెలుగు, మన కంటికి కనబడని అతినీల వెలుగు బాగుగ కనబడును. ఎరుపు అంతగా కనబడదు. తేనెటీగకు ఎరుపు దాదాపు చీకటియే. అందువలన పొద్దుతిరుగుడు చేలలో పెట్టిన తేనెపెట్టెలను ప్రొద్దు గూకిన పిమ్మట మార్చువారికి ఎర్ర కాగితము నిజముగ మేలు చేయును. ఈగ వెలుగును వెదకుకొని ఎగిరి రాదు. అయినను చీకటిలో ప్రాకుచు చేతి మీదికి ఎక్కగలదు గనుక ముసుగు, చేతి తొడుగులు మానరాదు.

వేరుశనగ, మిరప, పొగాకు నారుమళ్లలో లద్దె పురుగు పగలు మట్టిలోను, ఆకుల క్రిందను దాగి రాత్రి మేయును. పగలు చూచి "పురుగు లేదు, ఆకు మాత్రము పోవుచున్నది" అని తికమకపడు రైతులు ఎందరో. రాత్రి ఎనిమిది గంటల తరువాత ఎర్ర వెలుగుతో కొన్ని మొక్కలను పరిశీలించిన దొంగ దొరకును. పురుగును లెక్కించుట వరకే ఆ వెలుగు. దాని రంగు, చారలు చూచి ఏ జాతిదో తేల్చుకొనుటకు మరల తెల్లదీపమే కావలెను.

పాలు పితుకు వేళ కరెంటు పోయినప్పుడు ఫోనును గుంజకు కట్టు అలవాటు ఉన్నది గదా. వానకాలములో నిమిషములో పురుగులు మూగి పాలచెంబులో పడును. ఇక్కడ ఎరుపు వద్దు, పసుపు చాలును. పసుపు కాగితము నీలి వెలుగును మాత్రమే ఆపును గనుక వెలుగు పెద్దగ తగ్గదు, పురుగులు బాగుగ తగ్గును. నా అభిప్రాయములో సామాన్య రైతునకు ఎక్కువ అక్కరకు వచ్చునది ఈ పసుపు ముక్కయే. ఎరుపు మీద ఉన్న మోజు దీని మీద లేదు.

కోళ్లు మాత్రము ఈ లెక్కకు లొంగవు. వాటికి ఎరుపు చక్కగ కనబడును. రాత్రి కోళ్లను పట్టునప్పుడు మందమైన నీలి వెలుగు వాడిన అవి బెదరక కూర్చుండును. అందులకు నీలి కాగితము. అడవిపందుల భయమున మంచె మీద కావలి యుండువారికి మరల ఎరుపే మేలు. చీకటికి కన్ను పూర్తిగ అలవాటు పడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. ఒక్క క్షణము తెల్లదీపము చూచిన ఆ అలవాటు చెడును. మందమైన ఎరుపు దానిని అంతగా చెరపదు.

నీలి కాగితము వేసిన తేళ్లు మెరయునని కొందరు చెప్పుకొందురు. తేలు మెరయునది అతినీల దీపమున. ఫోను దీపములో ఆ వెలుగు లేదని చెప్పవచ్చును. జల్లెడ మాట ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడు. నీలి కాగితమును నమ్మి కట్టెల మోపులో చేయి పెట్టరాదు.

ఇప్పుడు రంగు కాగితమును తప్పక తీసివేయవలసిన చోట్లు. ఈ భాగమును దయచేసి రెండుసార్లు చదువుడు.

మొదటిది నడక. ఫోను దీపములో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర కాగితము వేసినచో వెలుగు నాలుగైదు అడుగులు దాటదు, దానిలో మట్టి, ఎండుగడ్డి, రక్తపింజరి అన్నియు ఒకే చాయగ తోచును. దేశములో 2000 నుండి 2019 వరకు పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటికి 58,000 మంది మరణించిరని 2020లో వెలువడిన యొక అంచనా. అందు సుమారు సగము జూను, సెప్టెంబరు నెలల మధ్య జరిగినవే. మరణములు హెచ్చుగ నున్న ప్రాంతములలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. కట్లపాము తిరుగునది రాత్రులందే. కావున ఇంటి నుండి పొలమునకు, గట్టు మీద, మోటారు కొట్టము వరకు నడుచునంతసేపు తెల్లదీపము, కాలికి బూట్లు, చేతిలో కర్ర. కాటు పడినచో కట్టు బిగించుట, కోయుట, మంత్రములు అన్నియు మాని, కాటుపడిన అవయవమును కదలనీయక, 108కి ఫోను చేసి, విషమునకు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరవలెను.

రెండవది మోటారు పెట్టె. త్రీఫేజు తీగెలు ఎరుపు, పసుపు, నీలము. ఎర్ర వెలుగులో ఎరుపు తీగె, పసుపు తీగె రెండును ఒకే తీరుగ తెల్లబారి కనబడును. నీలము, నలుపు, ఆకుపచ్చ అన్నియు నల్లగ కనబడును. ఏది ఫేజో, ఏది ఎర్తో తెలియదు. అట్టి స్థితిలో స్టార్టరు మూత తెరచుట ప్రాణముతో చెలగాటము. రాత్రివేళ తీగెలు విప్పు పనియే పెట్టుకొనరాదు. తప్పనిసరియైన సరఫరా తీసివేసి, మంచి తెల్లదీపమునందే తెలిసినవాని చేత చేయింపవలెను.

మూడవది పురుగుమందు డబ్బా. దాని మీది త్రికోణపు రంగు విషతీవ్రతను తెలుపును. ఎరుపు అత్యంత విషము, పిమ్మట పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగ తక్కువ. ఎర్ర వెలుగులో తెల్లకాగితము మీది ఎర్ర త్రికోణము ఇంచుమించు కనబడకుండ పోవును. మిక్కిలి ప్రమాదకరమైన మందు గుర్తే మాయమగుట ఎంతటి చిక్కో ఆలోచింపుడు.

నాలుగవది ఆకు ఫోటో. దీనిలో నేనే మోసపోతిని. ఒక రాత్రి ఒక రైతు వేరుశనగ ఆకుల ఫోటో పంపి, ఆకులు పసుపెక్కుచున్నవి, ఏమి చేయవలెనని అడిగెను. చూచుటకు అచ్చముగ ఇనుపధాతు లోపమువలె ఉన్నది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లుమని వెంటనే జవాబిచ్చితిని. మరునాడు ఆ దారిని పోవుచు చేను చూచితిని గదా, ఆకులు నిగనిగలాడుచు పచ్చగ ఉన్నవి! పాలు పితుకుటకు అంటించిన పసుపు కాగితము తీయకయే అతడు ఫోటో తీసెను. ఆకులు చూచి అతడును, ఫోటో చూచి నేనును భ్రమపడితిమి. అతడు ఇంకను మందు కొనలేదు గనుక డబ్బు మిగిలినది. నాటి నుండి ఫోటో ఎప్పుడు తీసితిరని అడుగక సలహా ఇచ్చుట మానితిని. తెగులు ఫోటోలు ఉదయము పూట, ఎండ తగలని నీడలో, టార్చి లేకుండ తీసి పంపుడు. ఆకు ప్రక్కన తెల్లకాగితపు ముక్క ఉంచిన రంగు తప్పినదీ లేనిదీ చూచువారికి తెలియును.

రైలు పట్టాల ప్రక్కన పొలములున్నవారు ఇంకొక సంగతి గమనింపవలెను. ఎర్ర వెలుగు బండికి ఆగుమను గురుతు. పట్టాల దగ్గర ఎర్ర టార్చిని ఊపుట, బండి వైపు త్రిప్పుట కూడదు.

వేరుశనగ చేలకు ఎర్ర గొంగళి పురుగు బెడద ఉన్న మెట్ట ప్రాంతముల రైతులు మాత్రము ఇంతవరకు చెప్పినదానిని తిరగవేసి ఆచరింపవలెను. తొలకరి వానల తరువాత తల్లి పురుగులు నేల నుండి వెలువడి వెలుగునకు వచ్చును. అప్పుడు పురుగును తరుముట కాదు, పిలుచుట మన పని. దీపపు ఎరకు ఏ రంగు కాగితమును వేయక, తెల్లని దీపమునే నీటి పళ్లెము మీద వ్రేలాడగట్టి, నీటిలో కొంచెము కిరసనాయిలు పోసి, ప్రొద్దు గూకినది మొదలు రాత్రి పది గంటల వరకు వెలిగింపవలెను. ఊరిలో పదిమంది ఒకే రాత్రి కలిసి పెట్టిన ఫలితము హెచ్చు. దీనికి మాత్రము ఫోను వాడకుడు. నీళ్లలో పడినచో పురుగుల కంటె ముందు ఫోనే పోవును.