ముఖంలో కరెంటు కొట్టినట్టు నొప్పి: మందు ఉంది, వాడే తీరు తెలియాలి

ప్రశ్న: నా వయసు 57. రెండేళ్లుగా కుడి బుగ్గలో నొప్పి. పళ్లు తోముకుంటున్నా, అన్నం నములుతున్నా, ఒక్కోసారి ఫ్యాను గాలి తగిలినా కింది దవడ నుంచి కంటి కింద దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగుతుంది. అర నిమిషంలో పోతుంది, మళ్లీ వస్తుంది. పంటి నొప్పి అనుకుని రెండు దవడ పళ్లు తీయించుకున్నాను. తగ్గలేదు. నొప్పి మాత్రలతోనూ గుణం కనిపించలేదు. చివరికి నరాల డాక్టరు గారు కార్బమజపైన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రాశారు. నాలుగు రోజుల్లోనే చాలా తేలికపడింది. అయితే మందుల షాపులో 'ఇది ఫిట్స్ మందు కదమ్మా' అన్నారు. దానికి తోడు కళ్లు తిరుగుతుంటే భయపడి మానేశాను. ఇప్పుడు నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఒకటి వేసుకుంటున్నాను. ఇబ్బంది లేని మంచి మందు ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీరు రాసిన లక్షణాలన్నీ ట్రైజెమినల్ న్యూరాల్జియాకు సరిపోతున్నాయి. మీ డాక్టరు గారు ఇచ్చిన మందు సరైనదే. నాలుగు రోజుల్లో తేలికపడిందంటే అది మీకు పనిచేస్తోందన్నమాట. దాన్ని వదులుకోకండి. వేసుకునే పద్ధతి మారితే చాలు.

ముఖానికి స్పర్శ తెలిసేది ట్రైజెమినల్ నరం వల్ల. మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో ఇది ఐదోది. నుదురు, కన్ను ఒక పాయ. బుగ్గ, పై దవడ ఇంకో పాయ. కింది దవడ మూడో పాయ. నొప్పి ఎక్కువ మందికి మీలాగే రెండో, మూడో పాయల్లో వస్తుంది. ఈ నరం మెదడు కాండం నుంచి బయలుదేరే చోట ఏదో ఒక రక్తనాళం దానికి ఆనుకుని ఏళ్ల తరబడి కొట్టుకుంటూ ఉంటే, నరం మీది మైలిన్ అనే పొర అరిగిపోతుంది. తొడుగు ఊడిన కరెంటు తీగలు రెండు పక్కపక్కన ఉంటే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. స్పర్శను మోసే పోగులోని సంకేతం నొప్పిని మోసే పోగులోకి దూకుతుంది. అందుకే ఫ్యాను గాలి కూడా మీకు షాక్ అవుతోంది.

పారాసెటమాల్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఈ నొప్పి మీద పనిచేయవు. అవి వాపు, దెబ్బ వంటి వాటి వల్ల వచ్చే నొప్పికి మందులు. ట్రమడాల్ వంటి ఘాటైన మాత్రలతోనూ ప్రయోజనం తక్కువే. గుణం లేకపోయినా రోజూ మూడు నాలుగు డైక్లోఫెనాక్‌లు మింగుతూ, కిడ్నీలు దెబ్బతిన్నాక నా దగ్గరికి వచ్చేవారిని చూస్తే బాధేస్తుంది. కార్బమజపైన్ దారి వేరు. నరం పోగుల్లో సోడియం రాకపోకలను అదుపుచేసి, అక్కర్లేని సంకేతాలు పుట్టకుండా చూస్తుంది. మొదట్లో పది మందిలో ఏడెనిమిది మందికి దీనితో ఉపశమనం దొరుకుతుంది. నరాల నొప్పుల్లో ఇంత బాగా పనిచేసే మందు దొరకడం అరుదు.

ఇక ఫిట్స్ మందు అన్న భయం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, గైగీ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ షిండ్లర్ 1953లో దీన్ని తయారుచేశారు. ముఖం నొప్పికి ఇది పనిచేస్తుందని స్వీడన్ వైద్యుడు బ్లోమ్ 1962లో లాన్సెట్ పత్రికలో రాశారు. అమెరికాలో 1968లో దీనికి మొదట అనుమతి వచ్చింది మీ జబ్బుకే. మూర్ఛకు వాడేందుకు అనుమతి 1974లో వచ్చింది. దీన్ని వేసుకున్నంత మాత్రాన మీకు ఫిట్స్ ఉన్నట్టు కాదు, వేసుకుంటే ఫిట్స్ రావు కూడా.

నొప్పి వచ్చాక ఒక మాత్ర వేసుకోవడం వృథా. షాక్ అర నిమిషంలో పోతుంది, మాత్ర రక్తంలో కలవడానికి గంటలు పడుతుంది. రోజూ ఒకే వేళకు, భోజనం తర్వాత, నొప్పి ఉన్నా లేకపోయినా వేసుకోవాలి. రోజుకు 200 మి.గ్రా. తో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి 100 మి.గ్రా. చొప్పున పెంచుతూ, నొప్పి అణిగిన చోట ఆపాలి. చాలామందికి రోజుకు 400 నుంచి 800 మి.గ్రా. సరిపోతుంది. 1200 దాటనివ్వం. ఈ పెంచడం మీ డాక్టరు గారు చేయాలి, మీ అంతట మీరు వద్దు. మీకు కళ్లు తిరిగింది కొత్తలో. చాలామందికి రెండు వారాల్లో అలవాటు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే నెమ్మదిగా విడుదలయ్యే సీఆర్ మాత్రలు అడగండి. వాటిని నలిపి, పొడి చేసి వేసుకోకూడదు.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉంటే మీరు కంగారు పడరు. నెల తిరిగేసరికి నొప్పి మళ్లీ తలెత్తవచ్చు. ఈ మందు తనను తాను కరిగించుకునే ఎంజైములను కాలేయంలో పెంచుతుంది. అందువల్ల మూడు నుంచి ఐదు వారాల్లో రక్తంలో దాని మోతాదు పడిపోతుంది. మందు పనిచేయడం మానేసిందనుకుని విసిరేసేవారు చాలామంది. మోతాదు కాస్త పెంచితే మళ్లీ దారికొస్తుంది.

ఇది జాగ్రత్తగా వాడవలసిన మందు కూడా. మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కాలేయం, సోడియం పరీక్షలు చేయించాలి, తర్వాత కూడా అప్పుడప్పుడు చూసుకోవాలి. గుండె కొట్టుకునే వేగంలో తేడా ఉన్నవారు ఈసీజీ తీయించుకోవాలి. మొదటి రెండు మూడు నెలల్లో ఒంటి మీద దద్దు, జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం వంటివేమైనా కనిపిస్తే ఆ రోజే మందు ఆపి ఆసుపత్రికి వెళ్లండి. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన చర్మపు జబ్బు కావచ్చు. హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యువు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. ఆ జన్యువు ఆసియా ప్రజల్లో, మనవాళ్లలోనూ, కొందరికి ఉంటుంది కాబట్టి వీలుంటే ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇంకో జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పండి. గొంతు ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిత్రోమైసిన్ దీన్ని రక్తంలో పెంచి తూలేలా చేస్తుంది. రక్తం పలచబడడానికి వాడే వార్ఫరిన్ దీనివల్ల బలహీనపడుతుంది.

కార్బమజపైన్ నిజంగానే పడకపోతే ఆక్స్‌కార్బజెపైన్ ఉంది. మత్తు కొంత తక్కువ. అయితే మొదటిదానితో దద్దు వచ్చినవారిలో సుమారు నలుగురిలో ఒకరికి దీనితోనూ వస్తుంది. ఆ తర్వాత బాక్లోఫెన్, లామోట్రిజిన్, గబాపెంటిన్, ప్రిగాబలిన్. ఇవి ఒంటరిగా అంత బలంగా పనిచేయవు, జతగా వాడితే మేలు. బి12 సూదుల వల్ల, ఆ విటమిన్ లోపం లేనివారికి ఈ నొప్పిలో ఒరిగేదేమీ లేదు.

పళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. పంటి నొప్పి గంటల తరబడి సలుపుతుంది, నిద్ర లేపుతుంది. ఈ నొప్పి క్షణాల్లో కొట్టి పోతుంది, నిద్రలో రావడం తక్కువ. ఎక్స్‌రేలో పన్ను బాగుండి, నొప్పి షాక్‌లా కొడుతుంటే, పన్ను తీయించుకునే ముందు నరాల డాక్టరుకు చూపించండి. మీరూ ఒకసారి ఎమ్మారై తీయించుకోండి, కారణం తెలిసే అవకాశం ఉంది.

ప్రశ్న: మావారికి 66 ఏళ్లు. మూడేళ్లుగా ఇదే జబ్బుకు కార్బమజపైన్ 800 మి.గ్రా. వాడుతున్నారు. బీపీకి క్లోర్తాలిడోన్ ఉన్న మాత్ర కూడా ఉంది. నెల రోజులుగా మతిమరుపు, తూలుడు. నిన్న పరీక్షలో సోడియం 124 వచ్చింది. బాగా నీళ్లు తాగిస్తున్నాం. వయసు వల్లే అంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వయసు వల్ల కాదమ్మా. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. 124 ఉండి మతిమరుపు, తూలుడు కూడా ఉంటే ఇది ఇంట్లో చూసుకునే వ్యవహారం కాదు. ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీళ్లు ఎక్కువ తాగించడం ఆపండి. కార్బమజపైన్ వల్ల ఒంట్లో నీరు నిలిచి సోడియం పలచబడుతుంది, క్లోర్తాలిడోన్ వంటి మూత్రం మందు మూత్రంలో దాన్ని పోగొడుతుంది. రెండూ కలిసి ఈ పరిస్థితి తెచ్చాయి. ముందు మార్చవలసింది ఆ బీపీ మాత్ర. ఇంకొక మాట: అక్కడి డాక్టర్లు ఆక్స్‌కార్బజెపైన్‌కు మారుద్దామంటే ఈ సోడియం సంగతి గుర్తుచేయండి, అది ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. కార్బమజపైన్‌ను మీరే ఒక్కసారిగా ఆపకండి, నొప్పి విరుచుకుపడుతుంది. డాక్టర్ల పర్యవేక్షణలో తగ్గిస్తూ గబాపెంటిన్ గానీ బాక్లోఫెన్ గానీ జత చేస్తారు.

మందు పడనివారికి ఆపరేషన్ ఉంది, దాని గురించి ఇప్పుడే ఆలోచించండి. చెవి వెనక చిన్నగా తెరిచి, నరాన్ని నొక్కుతున్న రక్తనాళాన్ని పక్కకు జరిపి, మధ్యలో టెఫ్లాన్ ముక్క పెడతారు. దీన్ని మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్ అంటారు. పదేళ్ల తర్వాత కూడా సుమారు 70 శాతం మంది మందులు లేకుండా నొప్పికి దూరంగా ఉంటున్నారు. ఆ వైపు వినికిడి తగ్గే ప్రమాదం కొద్దిమందికి ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు బాగుంటే 66 ఏళ్లు అడ్డు కాదు. మత్తు తట్టుకోలేనివారికి బుగ్గ గుండా సూది పంపి నరాన్ని వేడితో గానీ బెలూన్‌తో గానీ నెమ్మదింపజేసే పద్ధతులు, గామా నైఫ్ రేడియేషన్ ఉన్నాయి. వీటితో ముఖం కొంత మొద్దుబారుతుంది, కొన్నేళ్లకు నొప్పి తిరిగి రావచ్చు. హిందీ నటుడు సల్మాన్ ఖాన్ ఈ జబ్బుకు 2011లో అమెరికాలో శస్త్రచికిత్స చేయించుకున్నారు. మన నగరాల్లోని పెద్ద న్యూరోసర్జరీ విభాగాల్లోనూ ఇవి చేస్తున్నారు.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఎడమ దవడలో ఇలాంటి షాక్‌లే. నెల నుంచి గడ్డం దగ్గర మొద్దుబారినట్టుంది. కార్బమజపైన్ మొదలుపెట్టారు, నొప్పి తగ్గింది. పిల్లల కోసం ప్రయత్నించాలనుకుంటున్నాం. మందు కొనసాగించవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నొప్పి తగ్గిందని ఊరుకోవద్దు. ఈ జబ్బు సాధారణంగా 50 దాటాక వస్తుంది. నలభై లోపే వచ్చినా, మొద్దుబారినా, రెండు వైపులా వచ్చినా వెనక ఇంకో కారణం ఉందేమో చూడాలి. మల్టిపుల్ స్క్లెరోసిస్, నరం పక్కన చిన్న గడ్డ వంటివి ఇలాగే మొదలవుతాయి. కాంట్రాస్ట్ ఇచ్చి తీసే ఎమ్మారై ఆలస్యం చేయకండి. గర్భం సంగతి దాని ఫలితం వచ్చాకే.

కార్బమజపైన్ వల్ల బిడ్డకు వెన్నుపాము లోపాల ప్రమాదం కొంత పెరుగుతుంది. అందుకే ప్రయత్నం మొదలుపెట్టడానికి ముందే న్యూరాలజిస్టు, గైనకాలజిస్టు ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. లామోట్రిజిన్ వంటి మందుకు మార్చవచ్చేమో చూస్తారు, ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే మొదలుపెడతారు. అప్పటిదాకా గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడకండి. కార్బమజపైన్ వాటి బలాన్ని తగ్గిస్తుంది. కాపర్-టీ అయితే ఈ ఇబ్బంది లేదు. ఈలోపు గర్భం వస్తే మందును మీ అంతట మీరు ఆపకుండా వెంటనే డాక్టరును కలవండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. నాలుగు నెలల కిందట నుదుటి మీద అక్కి వచ్చింది. పొక్కులు మానాయి గానీ ఆ చోట రోజంతా మంట. చొక్కా తల మీదుగా తీస్తుంటే తగిలినా ఓర్చుకోలేరు. కార్బమజపైన్ వాడినా గుణం లేదు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఇది అదే నరం, జబ్బు మాత్రం వేరు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరంలో దాగి ఉండి, వయసు మీరాక అక్కిగా బయటపడి, నరాన్ని దెబ్బతీసి వెళ్లింది. షాక్‌లా కొట్టి పోయే నొప్పికి కార్బమజపైన్. రోజంతా మండే ఈ నొప్పికి గబాపెంటిన్, ప్రిగాబలిన్, అమిట్రిప్టిలిన్, పైన అంటించే లిడోకైన్ ప్యాచ్‌లు. ఆయన వయసులో అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మి.గ్రా. తోనే మొదలుపెట్టాలి. ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లాకోమా, గుండె లయలో తేడా ఉంటే దాని జోలికి పోవద్దు. గబాపెంటిన్ కిడ్నీ పరీక్ష చూశాకే ఇవ్వాలి. తగ్గడానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టమని చెప్పండి.

చదువుతున్న మిగతావారికి ఒక విన్నపం. ఇంట్లో పెద్దవాళ్లకు ముఖం మీద అక్కి పొక్కులు కనిపిస్తే, పసర్లు పూసి, అక్కి రాయించి ఎదురుచూడకండి. 72 గంటల్లోగా ఎసైక్లోవిర్ లాంటి మందు మొదలుపెట్టాలి. పొక్కులు నుదుటి మీద గానీ ముక్కు కొన మీద గానీ ఉంటే అదే రోజు కంటి డాక్టరుకు కూడా చూపించాలి.