వెలుగునీడల మెట్లు: ఫోటో చూసి బొమ్మ వేసేదెలా?

మిట్టమధ్యాహ్నం ఇంటి లోపల నిలబడి తలుపులోంచి బయటికి చూస్తున్నారనుకోండి. లోపల సున్నం వేసిన తెల్ల గోడ ఉంది. బయట ఎండలో నల్లని గేదె నిలబడి ఉంది. ఈ రెండింటిలో దేని నుంచి మీ కంటికి ఎక్కువ వెలుతురు వస్తోంది? "గోడ నుంచే, అందులో సందేహమేముంది?" అంటారు మీరు. కాని లెక్క వేసి చూద్దాం.

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నడినెత్తిన ఎండ దాదాపు 1,00,000 లక్స్‌లు. ఇంటి లోపల కిటికీకి దూరంగా 300 లక్స్‌లు అనుకుందాం. తెల్ల గోడ తన మీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్లు వెనక్కి పంపిస్తే అది 240 వంతులు. గేదె చర్మం నూటికి 5 పాళ్లే వెనక్కి పంపినా అది 5,000 వంతులు! అంటే తెల్ల గోడ కంటే నల్ల గేదె 20 రెట్లు వెలుగుగా ఉందన్నమాట.

మరి మనకు అలా ఎందుకు తోచదు? మన మెదడు వెలుతురును ఉన్నదున్నట్టు కొలవదు. చుట్టుపక్కల వాటితో పోల్చి, "ఇది నీడలో ఉన్న తెల్ల వస్తువు" అని తేల్చి చెబుతుంది. అందువల్లనే నీడలోకి వచ్చినా తెల్ల చొక్కాను తెల్ల చొక్కాగానే గుర్తుపడతాం. 1995లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ అడెల్సన్ ఒక చదరంగపు గళ్ల బొమ్మ తయారుచేశాడు. అందులో నీడలో ఉన్న తెల్ల గడి, వెలుగులో ఉన్న నల్ల గడి సరిగ్గా ఒకే బూడిద రంగువి. ఆ సంగతి తెలిసినవారికి కూడా అవి వేరువేరుగానే కనిపిస్తాయి!

బతుకుకు మేలు చేసే ఈ గుణమే బొమ్మలు వేసేవారికి చిక్కు తెస్తుంది. గోడ తెల్లనిదని తెలుసు కనుక తెల్ల రంగు పూస్తాం. బొమ్మలో ఎండా ఉండదు, నీడా ఉండదు. ఫోటో చూసి కంప్యూటర్ మీద బొమ్మ వేసేటప్పుడూ ఇదే జరుగుతుంది.

రంగు ఏదైనా కానీ, అది ఎంత వెలుగుగా ఉంది, ఎంత చీకటిగా ఉంది అనేదాన్ని చిత్రకారులు 'టోన్' అంటారు. అమెరికాలో చిత్రకళ బోధించిన ఆల్బర్ట్ మన్సెల్ నలుపుకు 0, తెలుపుకు 10 ఇచ్చి మధ్యలో మెట్లు కట్టాడు. కంప్యూటర్‌లో నలుపు 0, తెలుపు 255. అయితే 128 అంటే సగం వెలుతురు అనుకోకండి. తెర మీద 128 నుంచి వచ్చే వెలుతురు 255 నుంచి వచ్చేదానిలో సుమారు 22 శాతమే. అయినా కంటికి అది ఇంచుమించు సగంలా తోస్తుంది. కంటి లెక్క అలాంటిది!

ఇక ఫోటోలో టోన్‌ను పట్టుకునే పద్ధతులు చూద్దాం.

1. కళ్లు సగం మూసి ఫోటోను చూడండి. చిన్న వివరాలు చెదిరిపోయి, పెద్ద వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రమే మిగులుతాయి.

2. ఒక అట్టముక్కకు కాగితాలు గుచ్చే పంచ్‌తో రెండు రంధ్రాలు చేయండి. పోల్చదలచిన రెండు చోట్లూ ఆ రంధ్రాల్లోంచి కనిపించేలా అట్టను తెర మీద పెట్టండి. చుట్టుపక్కలవి కనిపించవు కనుక మెదడు మోసపోదు.

3. కలర్ పికర్‌తో ఫోటోలో ఒక చోటును తాకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు వస్తాయి. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా తోస్తుంది. అందుకని రంగుల టెలివిజన్ కోసం రూపొందించిన సూత్రం ఇలా ఉంటుంది:

టోన్ = 0.299 × ఎరుపు + 0.587 × ఆకుపచ్చ + 0.114 × నీలం

ఉదాహరణకు, మందార పువ్వు దగ్గర 200, 30, 40 వచ్చాయనుకుందాం. దాని టోన్ 82. పక్కనున్న ఆకు దగ్గర 50, 105, 40 వస్తే దాని టోన్ 81. రంగుల్లో ఎంతో తేడా ఉన్నా వెలుగులో తేడా దాదాపు లేదు. రంగు తీసేస్తే పువ్వు ఆకుల్లో కలిసిపోతుంది. బొమ్మలో పువ్వు ఎత్తి కనిపించాలంటే ఆకులను కొంచెం చీకటి చేయాలి.

ఫోటో మొత్తాన్ని ఒకేసారి నలుపు తెలుపులోకి మార్చడమూ సులువే. కాని ఒక జాగ్రత్త ఉంది. జింప్ వంటి ప్రోగ్రాముల్లో రంగు తీసేయడానికి పలు పద్ధతులుంటాయి. 'లూమా' అనేది పై సూత్రం వంటిదే. 'లైట్‌నెస్' అనేది మూడు అంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ సగటు మాత్రమే తీస్తుంది.

ఇంకొక మాట. ఫోటో కూడా పూర్తి నిజం చెప్పదు. ఎండను, ఇంటి లోపలి చీకటిని ఒకేసారి పట్టడం కెమెరాకు కష్టం. ఆకాశమంతా 255 అయిపోవచ్చు, మూలలన్నీ 0 అయిపోవచ్చు. ఉదయమో సాయంత్రమో తీసిన ఫోటోతో మొదలుపెట్టండి. వీలైతే ఆ చోటికే వెళ్లి మళ్లీ చూడండి.

చేసి చూడండి: 20, 75, 130, 185, 240 అంకెలతో అయిదు బూడిద రంగులు తయారుచేసుకోండి. ఒక ఫోటోను ఈ అయిదింటితోనే పెద్ద ముద్దలుగా వేయండి. ముందుగా ప్రతి చోటు ఏ మెట్టో ఊహించి రాసుకోండి, తరువాత కొలవండి. ఎక్కడ ఎక్కువ తేడా వచ్చిందో అక్కడ మీ మెదడు నీడను సరిదిద్ది చూపిందన్నమాట.

లెక్క: పచ్చని పసుపు అంకెలు 255, 255, 0. చిక్కని నీలం అంకెలు 0, 0, 255. సూత్రం ప్రకారం, 'లైట్‌నెస్' ప్రకారం రెండింటి టోన్ ఎంత?

జవాబు: సూత్రం ప్రకారం పసుపు 226, నీలం 29. 'లైట్‌నెస్' ప్రకారం రెండూ 127.5! ఏ పద్ధతి మీ కంటితో ఏకీభవిస్తుందో మీరే చెప్పండి.