మార్చే ముందు కొలవండి: ఎలక్ట్రిక్ సైకిల్ టెక్నీషియన్‌గా ఎదగాలంటే...

తాడేపల్లిలో బయల్దేరి ప్రకాశం బ్యారేజీ దాటితే విజయవాడ. అక్కడి ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పి బిగించే పనివాళ్లకు కొదవ లేదు. అదే ఎలక్ట్రిక్ సైకిల్ తెచ్చి ‘పవర్ రావట్లేదు’ అంటే, లోపం ఎక్కడుందో కొలిచి చూపించేవాళ్లు తక్కువ. చాలాచోట్ల ముందు బ్యాటరీ మార్చమంటారు. సైకిల్లో అన్నిటికంటే ఖరీదైన భాగం అదే. అవసరం లేకుండా మార్పిస్తే కస్టమర్ మళ్లీ ఆ షాపు గడప తొక్కడు. అందుకే ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థులు మొదట నేర్చుకోవాల్సిన విద్య కొలవడం.

మోటారు సామర్థ్యం 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, నిబంధనల ప్రకారం తయారైన ఎలక్ట్రిక్ సైకిల్‌కు రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. హీరో లెక్ట్రో, ఈమోటోరాడ్ వంటి కంపెనీలు గేర్లు, డిస్క్ బ్రేకులున్న మౌంటెన్ బైక్ తరహా మోడళ్లనూ అమ్ముతున్నాయి. ఇలాంటి సైకిళ్ల అసలు పరీక్ష ఎత్తు ఎక్కేటప్పుడే.

లక్షణం చెప్పే దారి

డిస్‌ప్లే అసలు వెలగకపోతే బ్యాటరీ, ఫ్యూజు, తాళం స్విచ్, కనెక్టర్లు వరుసగా చూడాలి. డిస్‌ప్లే వెలిగి మోటారు తిరగకపోతే బ్రేక్ లివర్‌లోని కటాఫ్ స్విచ్ ఇరుక్కుందేమో, పెడల్ సెన్సర్ పనిచేస్తోందో లేదో, మోటారు ప్లగ్ పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి. మోటారు వణుకుతూ కుదుపులిస్తే, దాని తిరుగుడును పసిగట్టే హాల్ సెన్సర్ మీదో, మూడు ఫేజ్ తీగల్లో ఒకదాని మీదో అనుమానం పెట్టుకోవచ్చు. రాళ్ల దారిలో తిరిగిన సైకిలైతే చువ్వకు బిగించిన స్పీడ్ సెన్సర్ అయస్కాంతం పక్కకు జరిగి ఉండవచ్చు. డిస్క్ బ్రేక్ రాసుకుంటున్నా, టైర్లలో గాలి తగ్గినా ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది. వీటిని సరిచూశాకే బ్యాటరీని తప్పుపట్టాలి.

తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటి చూద్దాం. ఫుల్ ఛార్జింగ్ చూపించే సైకిల్ ఉండవల్లి కొండ వైపు ఎత్తు ఎక్కుతుంటే ఠక్కున ఆగిపోతుంది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే కాసేపు నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. 36 వోల్టుల లిథియం అయాన్ ప్యాక్‌లో సాధారణంగా 10 సెల్ గ్రూపులు వరుసగా ఉంటాయి. నిండుగా ఛార్జ్ అయితే ఒక్కో గ్రూపు 4.2 వోల్టులు, మొత్తం 42. నిలిపి ఉంచి కొలిస్తే 41 వోల్టులు కనిపించవచ్చు. దాన్ని నమ్మి బ్యాటరీ బాగుందనుకోవద్దు. ఖాళీగా నిలబడితే అందరూ బలవంతులే, మిర్చి టిక్కీ భుజానికెత్తితేనే సత్తువ తెలుస్తుంది. బ్యాటరీని కూడా లోడ్ మీదే కొలవాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు ప్యాక్ దగ్గర ఒకటి రెండు వోల్టులు తగ్గడం మామూలే. ఆరేడు వోల్టులు పడిపోతే సెల్స్ నీరసించాయని అర్థం. ప్యాక్ దగ్గర 39 వోల్టులుండి, మోటారును నడిపే కంట్రోలర్‌కు 34 మాత్రమే చేరుతుంటే మధ్యలో ఏదో కనెక్టర్ మింగేస్తోంది. విప్పి చూస్తే పిన్ను గోధుమ రంగుకు మాడి ఉంటుంది, ముట్టుకుంటే వేడి తగులుతుంది. దుమ్ము, చెమ్మ చేరిన చోట ఇలాంటివి ఎదురవుతాయి. అలాంటప్పుడు కొత్త బ్యాటరీతో పనిలేదు, ఆ కనెక్టర్ మారిస్తే చాలు.

మొత్తం వోల్టేజీ బాగానే ఉన్నా ఒక్క గ్రూపు నీరసిస్తే ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్ బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) సరఫరా ఆపేస్తుంది. తొమ్మిది గ్రూపులు 3.5 దగ్గర ఉండి, ఒకటి 2.8కి పడితే మొత్తం 34.3 వోల్టులు. అంకె చూస్తే పర్వాలేదనిపిస్తుంది. కానీ ఆ ఒక్క గ్రూపును కాపాడటానికే బీఎంఎస్ ఆపేసింది. దాన్ని దాటవేసి తీగ కలపడం ప్రాణాంతకం.

భద్రత మొదటి పాఠం

2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది దేశంలో వరుసగా జరిగిన ప్రమాదాల తర్వాత కేంద్రం ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాల బ్యాటరీల ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలు చేసింది. ఉబ్బిన, తడిసిన, కింద పడి నొక్కుకుపోయిన ప్యాక్‌ను ఛార్జింగ్ పెట్టవద్దు. శిక్షణ లేకుండా ప్యాక్ తెరవవద్దు. ఎండకు కాగిన బ్యాటరీని చల్లారాకే ఛార్జింగ్ పెట్టమని కస్టమర్‌కు చెప్పండి. స్పీడ్ లిమిట్ తీసేయమని అడిగితే నిక్కచ్చిగా కాదనండి.

ఏం చదవాలి?

పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో రెండేళ్ల ‘మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్’ ట్రేడ్ ఉంది. దగ్గర్లో ఆ సీటు దొరక్కపోతే ఎలక్ట్రీషియన్ ట్రేడ్ గట్టి పునాది. డిప్లొమా చేయాలనుకునేవారు పాలీసెట్ రాసి ఎలక్ట్రికల్ లేదా ఎలక్ట్రానిక్స్ బ్రాంచి తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ప్రకటించే స్వల్పకాలిక శిక్షణలపైనా కన్నేసి ఉంచండి. ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ చేస్తే స్టైపెండ్‌తోపాటు షాపు అనుభవమూ వస్తుంది. మొదటి కొలువులో జీతం ఒక్కటే చూడకండి, మీటరు మీ చేతికిచ్చి పని నేర్పే చోటును ఎంచుకోండి. అనుభవం వచ్చాక సొంత షెడ్డు పెట్టాలనుకుంటే, చిన్న వ్యాపారాల కోసం 2015లో మొదలైన ముద్ర రుణాల గురించి బ్యాంకులో అడగవచ్చు.

ఇవాళే మొదలుపెట్టండి

వెయ్యి రూపాయలలోపే మంచి డిజిటల్ మల్టీమీటర్ వస్తుంది. ఒక నోటుబుక్కు పెట్టుకుని, చూసిన ప్రతి బండికీ నాలుగు వివరాలు రాయండి: ఫిర్యాదు, లోడ్ లేనప్పటి వోల్టేజీ, లోడ్ మీద వోల్టేజీ, చివరికి తేలిన కారణం. ఇంటర్వ్యూలో ‘బండి ఎత్తు ఎక్కుతూ ఆగిపోయింది, మొదట ఏం చూస్తావు?’ అని అడిగితే, ‘బ్యాటరీ మారుస్తాను’ అనవద్దు. ఏ క్రమంలో ఏమేం కొలుస్తారో చెప్పి, ఆ నోటుబుక్కు ముందు పెట్టండి. కస్టమర్ డబ్బు, ప్రాణం రెండూ కాపాడే మనిషి దొరికాడని యజమానికి అర్థమవుతుంది.